నల్లా నీళ్ళు తాగొచ్చా? మా ఊళ్ళో అడిగే ప్రశ్నలు, నా జవాబులు

మాది నర్సంపేట దిక్కు చిన్న ఊరు. ఇంటింటికీ నల్లా వచ్చినంక, నీళ్ళు పరీక్షించడం నేర్పడానికి ఊరికి ఐదుగురు ఆడవాళ్ళను తీసుకున్నారు. అందులో నేనొకదాన్ని. కిట్టు డబ్బా చంకన పెట్టుకుని వాడలోకి అడుగుపెడితే చాలు, ఎవరో ఒకరు అరుగు మీద కూర్చోబెట్టి అడుగుతారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. రాసిపెడితే పక్క ఊళ్ళవాళ్ళకు కూడా పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను. ఇందులో చెప్పే పరిమితులు మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో ఉన్నవి. మిగతాది నేను కళ్ళారా చూసింది.

మా నల్లాలో వచ్చే నీళ్ళు అసలు ఎక్కడివి?

మిషన్ భగీరథ నీళ్ళు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైన పథకం ఇది. గోదావరి, కృష్ణా నదుల నీటితో నిండే జలాశయాల నుంచి నీళ్ళు తోడి, శుద్ధి కేంద్రంలో గాలి పట్టించి, పటిక కలిపి మురికి కిందికి దిగేదాకా నిలబెట్టి, ఇసుక పొరల్లోంచి వడగట్టి, చివరన క్లోరిన్ కలుపుతారు. అక్కడి నుంచి పెద్ద పైపుల్లో మన ఊరి ట్యాంకుకు, ట్యాంకు నుంచి వాడల్లోని చిన్న పైపుల్లోకి, వాటి నుంచి మన నల్లాకు. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది ఈ పథకం లెక్క. ఐదుగురున్న ఇంటికి 500 లీటర్లన్న మాట.

కేంద్రంలో శుద్ధయిన నీళ్ళు అంత దూరం లక్షణంగా వస్తాయి. చెడిపోయేది మన దగ్గరికి వచ్చాకే. ట్యాంకు మూత, వాడలో పైపు జాయింటు, నల్లా గుంత, ఇంట్లో బింద. నేను పరీక్షించిన నీళ్ళలో తేడా వచ్చిన ప్రతిసారీ కారణం ఈ నాలుగింటిలోనే దొరికింది.

మరి తాగొచ్చా, తాగొద్దా? ఒక్కమాట చెప్పు.

తాగొచ్చు. మా ఇంట్లో తాగుతాం. నీళ్ళు తేటగా ఉండాలి, పట్టుకునేటప్పుడు లీలగా బ్లీచింగ్ వాసన రావాలి, ఆ వారంలో వాడలో పైపు పగిలి ఉండొద్దు. ఈ మూడూ సరిగ్గా ఉంటే మా అత్తమ్మకూ పోస్తాను, మూడేళ్ళ మా మనవడికీ పోస్తాను. ఒక్కటి తేడా వచ్చినా ఆ రోజు నీళ్ళు మరిగిస్తాను.

నీళ్ళు వదలగానే మొదట వచ్చేవి మాత్రం పట్టుకోను. రెండు బకెట్లు బాసాన్లు తోమడానికి, చెట్లకు పోయాకే తాగే బింద పెడతాను. పైపులో రాత్రంతా నిలిచిన నీళ్ళు, జాయింట్ల దగ్గర చేరిన మురికి ముందుగా వచ్చేస్తాయి.

బ్లీచింగ్ వాసనకు కడుపులో తిప్పుతుంది. అది మందు కాదా? ఒంటికి పడుతుందా?

చాలామంది నల్లా నీళ్ళు మానేసింది ఈ వాసన వల్లే. కానీ ఆ వాసన నీళ్ళకు కాపలా. శుద్ధి కేంద్రంలో పురుగులను చంపేందుకు కొంత క్లోరిన్ ఖర్చవుతుంది, మిగిలింది పైపు వెంట నీళ్ళతోపాటు నడుస్తుంది. దారిలో ఏదైనా కలిస్తే దాని పని పట్టేది ఆ మిగిలిందే. ప్రమాణం ప్రకారం నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి. రోగాలు తిరుగుతున్న రోజుల్లో 0.5 ఉండాలి. 1 వరకు ఉన్నా ఒప్పుకుంటారు. ఇంత కొంచెం క్లోరిన్‌తో ఒంటికి కీడు లేదు.

నేను చూసే పద్ధతి చెబుతాను. గాజు గొట్టంలో గీత దాకా నీళ్ళు పట్టి, సీసాలోని మందు నాలుగైదు చుక్కలు వేస్తాను. క్లోరిన్ ఉంటే వెంటనే లేత పసుపు తిరుగుతుంది. పక్కన ఉన్న రంగు చార్టుతో పోల్చి అంకె చదువుతాను. కాసేపు ఆగి చదివితే రంగు ముదిరి లెక్క తప్పుతుంది, అందుకే వెంటనే చూడాలి. ట్యాంకు దగ్గరి ఇంట్లో చేస్తే సరిపోదు. ఊరి చివర, పైపు ఆఖరి నల్లా దగ్గర చెయ్యాలి. అక్కడ పసుపు తిరిగిందంటే ఊరంతా బాగున్నట్టే. అక్కడ నీళ్ళు తెల్లగానే ఉండిపోతే, ఆ పూట పంచాయతీకి చెప్పకుండా నేను ఇంటికి పోను.

వాసన పడనివాళ్ళు నీళ్ళను మట్టి రంజన్‌లో పోసి, పైన బట్ట కట్టి గంటా రెండు గంటలు ఉంచండి, తగ్గిపోతుంది. కానీ వాసన పోయిందంటే కాపలా కూడా పోయినట్టే. ఆ నీళ్ళు ఆ రోజుకారోజు తాగేయాలి, చెయ్యి ముంచొద్దు.

నల్లాకు మోటరు పెట్టి గుంజుకుంటే తప్పేంది? మా ఇంటికి సన్నగ వస్తది మరి.

అందరికంటే ఎక్కువ కోపం తెచ్చే జవాబు ఇదే. అయినా చెప్పాలి.

మన ఊళ్ళల్లో నీళ్ళు రోజంతా రావు. పొద్దున గంట, రెండు గంటలు వదిలి ఆపేస్తారు. నీళ్ళు నడిచినంతసేపు పైపు లోపల ఒత్తిడి ఉంటుంది, ఎక్కడ సందు ఉన్నా నీళ్ళు బయటికే చిమ్ముతాయి. ఆపేసినంక పైపు ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది. అదే సందులోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి పోతుంది. మోటరు పెడితే నీళ్ళు నడుస్తున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మోటరు ఒక్క నీళ్ళనే గుంజదు, సందు పక్కన ఏముంటే దాన్నీ గుంజుతుంది. ఆ మురికి మొదట చేరేది మోటరు పెట్టిన ఇంటికే. పక్కింటి నల్లా ఎండిపోవడం రెండో సంగతి.

మా చెల్లెను ఇచ్చిన ఊళ్ళో ఒక వానకాలం ఒకటే వాడలో వరుసగా వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నాకు ఫోన్ చేస్తే కిట్టు పట్టుకుని పోయాను. ట్యాంకు దగ్గరి ఇంట్లో మలం ఆనవాలు పట్టే మందున్న సీసా ఒకటి, వాడ మధ్యలో ఒకటి, చివరింట్లో ఒకటి నింపి గూట్లో పెట్టాం. తెల్లారి చూస్తే మొదటి సీసా తేటగానే ఉంది. చివరిది కాటుకలా నల్లబడింది. మలం కలిసిన నీళ్ళలో ఆ సీసా అట్లా నల్లబడుతుంది. వాడ పొడుగునా నడుచుకుంటూ పోతే మోరీని దాటే చోట పైపు జాయింటు కనబడింది. ఎవరో ఎప్పుడో సైకిల్ ట్యూబు చుట్టి, పైన పురికొసతో కట్టి వదిలేశారు. నీళ్ళు వదిలినప్పుడు అందులోంచి సన్నగా చిమ్ముతోంది. ఆపగానే మోరీ నీళ్ళలో ఆ ట్యూబు అంచు కదలడం, బుడగలు పైకి రావడం కూర్చుని చూశాం. జాయింటు మార్చడానికి అరపూట పట్టింది. ఆ వాడలో నాలుగు మోటర్లు ఉన్నాయి.

సన్నగా వస్తోందంటే దానికి కారణం ఉంటుంది. పైన ఎవరో నీళ్ళ వేగాన్ని అదుపు చేసే వాల్వు పీకేసి ఉండొచ్చు, గేట్‌వాల్వు సగమే తిప్పి ఉండొచ్చు. అది అడిగి సరిచేయించుకోవాలి.

నల్లా గుంతలో ఉంటే నీళ్ళు బాగ వస్తయి. గుంత ఉంచుకోవచ్చా?

వద్దు. గుంత తవ్వి నల్లా కిందికి దింపితే ధార కాస్త పెరుగుతుంది, నిజమే. కానీ బాసాన్ల నీళ్ళు, కోళ్ళ రెట్ట, వాన నీళ్ళు అన్నీ చేరేది ఆ గుంతలోకే. నీళ్ళు ఆగగానే నల్లా మూతి ఆ మురికిలో మునిగి ఉండి వెనక్కి పీల్చుకుంటుంది. గుంత పూడ్చి, నల్లా నేలకు మోకాలెత్తు పైన ఉండేట్టు చూసుకోండి. చెవి విరిగిన నల్లాకు కర్ర ముక్క దోపేవాళ్ళు కొత్త నల్లా బిగించుకోండి.

నీళ్ళు తెల్లగ పాలలెక్క వస్తున్నయి. పౌడరు ఎక్కువ కలిపిండ్రా?

గాజు గ్లాసులో పట్టి చూడండి. అడుగు నుంచి పైకి తేటపడుతూ వస్తే, అది గాలి. పైపులో ఇరుక్కున్న గాలి నీళ్ళలో బుడగలై వస్తుంది. నిమిషం రెండు నిమిషాల్లో పోతుంది, భయం లేదు. పైనుంచి తేటపడి అడుగున మడ్డి దిగితే అది మట్టి, లేకపోతే సున్నం. ఆ నీళ్ళు తాగడానికి పట్టొద్దు.

పట్టినప్పుడు తేటగా ఉండి, బకెట్లో నిలవ ఉంచితే ఎర్రబడే నీళ్ళలో ఇనుము ఉంటుంది. పాత ఇనుప పైపుల తుప్పు వల్లనో, బోరు నీళ్ళు కలపడం వల్లనో అట్లా వస్తుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు. రోగం తేకపోయినా బట్టలు మరకలు పడతాయి, రుచి ఉండదు. మురుగు వాసన వస్తే మాత్రం ఇక చూడాల్సింది ఏమీ లేదు, నల్లా కట్టేసి చెప్పాల్సినవాళ్ళకు చెప్పండి.

డబ్బా నీళ్ళు కొంటున్నం. అవి మంచివే కదా?

ఊళ్ళో ప్లాంటు పెట్టినంక 20 లీటర్ల డబ్బా లేని ఇల్లు లేదు. పెండ్లికి, చావుకు, కూలోళ్ళకు కూడా డబ్బానే. మినరల్ వాటర్ అంటారు కానీ అందులో మినరల్స్ ఏవీ కలపరు. ఆర్‌ఓ మిషన్ నీళ్ళలోని లవణాలను తీసేస్తుంది, అంతే. తీసేటప్పుడు చాలా నీళ్ళు మోరీ పాలవుతాయి. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళో ఆర్‌ఓ నిజంగా అవసరం, కాదనను. తేటగా, మంచి రుచితో వచ్చే నది నీళ్ళకు ఆర్‌ఓ ఎందుకు? నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న చోట ఆర్‌ఓ వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్రానికి చెప్పింది కూడా.

నాకు అసలు దిగులు డబ్బా గురించే. ఆర్‌ఓ అయిన నీళ్ళలో క్లోరిన్ మిగలదు. మిషన్ మూతి దగ్గర అవి ఎంత శుద్ధమైనా, డబ్బాలో పడ్డాక వాటికి కాపలా లేదు. ఒకసారి మా ఇంటి వెనక వాళ్ళ డబ్బాను ఎండకు ఎత్తి లోపలికి చూశాను. అడుగు మడతల్లో పచ్చగా పాకురు. వేలు పెట్టి రాస్తే జారింది. ఎన్నాళ్ళయింది కడిగి అంటే, "రోజూ కడుగుతం అక్కా" అన్నది ఆ పిల్ల. కడగడమంటే గ్లాసు నీళ్ళు పోసి కలియదిప్పి పారబోయడం. ఆ సాయంత్రం ఆ డబ్బా నీళ్ళు ఒక సీసాలో, వాళ్ళ నల్లా నీళ్ళు ఒక సీసాలో పెట్టాం. మర్నాటికి డబ్బా సీసా నల్లబడింది, నల్లా సీసా బాగానే ఉంది. ఆమె నల్లబడిన సీసాను చేతిలో తిప్పి తిప్పి చూసింది. పైసలు పెట్టి కొన్నది అదే మరి.

డబ్బా వాడేవాళ్ళు వారానికోసారి లోపల బ్రష్షు పెట్టి తోమండి. గొంతు సన్నగా ఉండి బ్రష్షు పోని డబ్బా అయితే గుప్పెడు బియ్యం, కాసిన్ని నీళ్ళు, సబ్బు వేసి గట్టిగా ఊపినా పాకురు వదులుతుంది. తర్వాత ఎండలో బోర్లించండి. పగుళ్ళు పడిన డబ్బా పారేయండి. సీలు వేసి అమ్మే నీళ్ళకు ఐఎస్ 14543 అనే ప్రమాణం ఉంది, మన ఊరి ప్లాంట్ల విడి నీళ్ళకు అది వర్తించదు. ప్లాంటు నీళ్ళను కూడా నల్లా నీళ్ళలాగే పరీక్షించమని అడిగే హక్కు మనకుంది.

డబ్బా వచ్చినంక ఇంకో నష్టం కూడా జరిగింది. నల్లా నీళ్ళు బాసాన్లకే కదా అని వాటిని పట్టించుకునేవాళ్ళు తగ్గారు. ట్యాంకు కడిగారా లేదా అని అడిగేవాళ్ళు లేరు. డబ్బా కొనలేని ఇళ్ళు మాత్రం ఆ నీళ్ళే తాగుతున్నాయి.

టీడీఎస్ మీటరు కొన్నం. అంకె తక్కువ వస్తే మంచివే కదా?

ఆ మీటరు నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతో చెబుతుంది. అంతకుమించి ఏమీ చెప్పదు. మోరీ నీళ్ళు ఒక చెంచా కలిపినా అంకె పెద్దగా కదలదు. 500 లోపు ఉంటే మంచిది, వేరే దిక్కులేని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. మా నల్లాలో 280 అటూఇటూ వస్తుంది, మా పాత బోరులో వెయ్యి దాటుతుంది. 30, 40 వస్తేనే గొప్ప నీళ్ళని ప్లాంటు వాళ్ళు చూపిస్తారు. అంత తగ్గితే నీళ్ళు చప్పగా ఉంటాయి తప్ప అదనపు మేలు లేదు.

మీటరుతో ఒక లాభం ఉంది. రోజూ 280 వచ్చే నల్లాలో ఒకరోజు 700 వచ్చిందంటే, ట్యాంకులోకి బోరు నీళ్ళు కలిపారని అర్థం. పైపులైను రిపేరున్నప్పుడు కలపడం మామూలే. కానీ మనకు తెలియాలి.

బోరు నీళ్ళల్ల పప్పు ఉడకదు, గిన్నెకు తెల్లగ పొర కడుతది.

కఠినత్వం. సున్నం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళు. లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, 600 మించొద్దు. తాగితే రోగమేమీ రాదు, వంటకు మాత్రం నల్లా నీళ్ళే వాడండి.

మా పిల్లల పళ్ళు గార పట్టినయి. తోముకోకనా?

తోమితే పోయే గార వేరు, ఫ్లోరైడ్ గార వేరు. పై పళ్ళ మీద అడ్డంగా పసుపు, గోధుమ రంగు చారలుండి, ఎంత తోమినా పోకపోతే నీళ్ళను అనుమానించాలి. మన నేల అడుగున గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడ్ బోరు నీళ్ళలోకి దిగుతుంది, లోతుకు పోయిన కొద్దీ చాలాచోట్ల ఎక్కువవుతుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది తెలుగు నేల మీదే, 1937లో దర్శి, పొదిలి ప్రాంతంలో. నల్లగొండ కష్టం అందరికీ తెలిసిందే. ఓరుగల్లు చుట్టుపక్కల కూడా ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లు ఉన్నాయి.

లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు లేకపోతే 1.5 దాకా. పిల్లలకు ఎనిమిదేళ్ళ లోపు, పళ్ళు లోపల తయారవుతున్నప్పుడు తాగిన నీళ్ళే పళ్ళ మీద చారలవుతాయి. పన్ను బయటికొచ్చినంక ఏం చేసినా ఆ చార చెరగదు. ఏళ్ళ తరబడి ఇంకా ఎక్కువ తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి.

ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాను. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గిన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. బట్ట వడగట్టినా, రంజన్‌లో పోసినా పోదు. నాగ్‌పూర్ నీరి సంస్థ వాళ్ళు పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టారు, దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఇంట్లో చేసుకోవడానికి మోతాదు కుదరడం కష్టం. పాత బోరు నీళ్ళు మాని నల్లా నీళ్ళకు మారడమే అన్నిటికంటే సుళువు. పొలం కాడ బోరు నీళ్ళు తాగేవాళ్ళు ఇంటి నుంచి సీసా పట్టుకుపోండి.

మరి మరిగించుడు దేనికి? మా అవ్వ బట్టతోనే వడగట్టేది.

మరిగిస్తే పురుగులు చస్తాయి. కళపెళ ఉడుకు పట్టి ఒక నిమిషం ఉంటే చాలు, అరగంట కాగబెట్టి గ్యాసు ఖర్చు చేసుకోవద్దు. మరిగించిన గిన్నెలోనే చల్లార్చి, మూత పెట్టి ఉంచండి.

అవ్వ బట్ట కట్టడం వెనక పెద్ద కథే ఉంది. దిగుడు బావుల్లో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకునే కాలంలో నారికురుపు ఉండేది. కంటికి కనీకనబడని నీటి పురుగుల కడుపులో ఆ నారి పిల్ల ఉండేది. బట్ట వడగడితే ఆ పురుగు ఆగిపోయేది. మన దేశంలో ఆఖరి రోగి 1996లో రాజస్థాన్‌లో కనబడ్డాడు, 2000లో దేశం దాన్నుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మందు లేని జబ్బును బట్ట ముక్కతో, బావులకు గోడలు కట్టించి తరిమారు. అందుకే ఆ అలవాటు అంటే నాకు గౌరవం. కానీ టైఫాయిడ్, కామెర్ల క్రిములు బట్ట సందుల్లోంచి సులువుగా పోతాయి. బట్ట కట్టండి, అదే సరిపోతుందని అనుకోవద్దు. ఆ బట్టను రోజూ ఉతికి ఎండేయండి.

రాగి బిందలో రాత్రంతా ఉంచితే కొన్ని క్రిములు చస్తాయి, నిజమే. చెడిన నీళ్ళకు దాని మీద ఆధారపడొద్దు. గ్యాసు లేనప్పుడు 20 లీటర్ల బిందకు అర గ్రాము క్లోరిన్ బిళ్ళ ఒకటి వేసి గంట ఆగితే చాలు. ఆశా అక్కను అడగండి.

ట్యాంకుల బ్లీచింగ్ ఎంత వెయ్యాలె? మా దగ్గర అంచనాకు గుప్పిళ్ళతో వేస్తరు.

పొడిలో క్లోరిన్ 25 శాతం ఉంటే, 1000 లీటర్లకు 4 గ్రాములు వేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము పడుతుంది. 40,000 లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు. ఇది తేట నీళ్ళ లెక్క. వానకాలం కొంచెం పెంచాల్సి వస్తుంది, ఎంత పెంచాలో చివరి నల్లా దగ్గర పసుపు రంగే చెబుతుంది. పొడిని అట్లాగే చల్లొద్దు. బకెట్లో నీళ్ళతో కలిపి, సున్నం అడుక్కు దిగినంక పై తేట నీళ్ళు మాత్రమే ట్యాంకులో పోయాలి. పోశాక అరగంటైనా ఆగి వాల్వు తిప్పాలి.

మూత తీసి పెట్టిన పాత సంచిలో పొడికి ఘాటు ఉండదు. ముక్కు దగ్గర పెడితే దగ్గు రాని బ్లీచింగ్‌తో ముగ్గు వేసుకోవచ్చు. మా ఊళ్ళో ట్యాంకు నెలకు మూడుసార్లు కడుగుతారు, కడిగిన తేదీ ట్యాంకు కాలు మీద రాస్తారు. మీ ఊరి ట్యాంకు మీద తేదీ ఎప్పటిదో ఇవాళ ఒకసారి చూసి రండి.

మిరుగం (మృగశిర కార్తె) దాటినంక విరేచనాలు, కామెర్లు ఎందుకు ఎక్కువైతయి?

మొదటి వానలు నేల మీద మురికినంతా కదిలించి మోరీల్లోకి తెస్తాయి. మోరీ నిండితే పైన చెప్పిన పైపు జాయింట్లన్నీ మునుగుతాయి.

విరేచనాలు పట్టుకుంటే లీటరుకని రాసిన ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం ఒక లీటరు మంచినీళ్ళలో ఒకేసారి కలపాలి, 24 గంటల్లో వాడేయాలి. సగం పొట్లం, గ్లాసు నీళ్ళు అని అంచనాకు కలిపితే మేలు బదులు కీడు. పిల్లలకు జింకు బిళ్ళ 14 రోజులు, విరేచనాలు ఆగినా ఆపొద్దు. బిడ్డ మూత్రం పోయకపోయినా, కళ్ళు లోపలికి పోయినా, మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయండి.

కామెర్ల సంగతి వేరు. క్రిమి లోపలికి పోయిన రెండు వారాల నుంచి ఆరేడు వారాలకు బయటపడుతుంది. ఇవాళ కళ్ళు పచ్చబడితే, నీళ్ళు చెడింది పోయిన నెలలో. నిన్న తిన్న మామిడిపండును తిట్టి లాభం లేదు. గర్భిణులకు, ముఖ్యంగా నెలలు నిండుతున్నవాళ్ళకు, నీళ్ళతో వచ్చే ఒక రకం కామెర్లు ప్రాణం మీదికి తెస్తాయి. పసరు పోయించి చూద్దామని ఒక్కరోజు కూడా ఆగొద్దు, దవాఖానకు తీసుకుపోండి.

వాగు పొంగి ఊళ్ళెకు నీళ్ళొస్తే?

2023 జులై 27న భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి వాగు వరదలో మునిగితే ఏమైందో చూశాం. వరద తగ్గినంక ట్యాంకు, సంపు, డబ్బాలు, బిందలు అన్నీ ఖాళీ చేసి, కడిగి, బ్లీచింగ్ నీళ్ళతో తుడిచేదాకా ఏ నీళ్ళూ తాగొద్దు. వరదలో మునిగిన బోరింగు నీళ్ళు పరీక్ష చేసేదాకా ముట్టొద్దు. అప్పటిదాకా ట్యాంకరు నీళ్ళైనా సరే మరిగించాలి.

మేడారం పోతున్నం. నీళ్ళ సంగతేంది?

ఇంటి నుంచి నింపుకున్నవి పట్టుకుపోండి. జంపన్నవాగులో స్నానం చేయండి, మొక్కు తీర్చుకోండి, పిల్లల నోట్లో ఆ నీళ్ళు పోనీయకండి. దారిలో వండుకునే నీళ్ళకు నాలుగు క్లోరిన్ బిళ్ళలు కొంగున కట్టుకుంటే మంచిది.

పాలతాగే బిడ్డకు నీళ్ళు తాపొచ్చా?

ఆరు నెలల దాకా తల్లిపాలే, చుక్క నీళ్ళు వద్దు. డబ్బా పాలు కలిపేవాళ్ళు బోరు నీళ్ళు అసలు వాడొద్దు. యూరియా వేసిన పొలాల పక్క, పెంటకుప్పల పక్క, మరుగుదొడ్డి గుంతల పక్క బోర్లలో నైట్రేట్ ఉంటుంది. 45 మిల్లీగ్రాములు దాటితే పసిబిడ్డ రక్తం ఊపిరి మోయలేదు, పెదాలు నీలమవుతాయి. నైట్రేట్ కూడా మరిగిస్తే పోదు.

నీళ్ళు పరీక్ష చేయించాలంటే ఎవరిని అడగాలె? ఎట్ల తేవాలె?

ముందు మీ ఊళ్ళో శిక్షణ తీసుకున్న ఆడవాళ్ళను అడగండి, ఎవరో పంచాయతీ కార్యదర్శికి తెలుసు. పీహెచ్, కఠినత్వం, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, క్లోరిన్ మేమే చూడగలం. కిట్టులో తేడా కనబడితే ల్యాబుకు పంపుతాం. గ్రామీణ నీటి ల్యాబులో ఎవరైనా కొద్ది రుసుముతో చేయించుకోవచ్చు.

రసాయనాల పరీక్షకు లీటరు సీసా చాలు. కూల్‌డ్రింకు సీసా అయినా పర్వాలేదు, అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి నింపండి. నూనె సీసా, మందు సీసా వద్దు. క్రిముల పరీక్షకు మాత్రం ల్యాబు వాళ్ళిచ్చే సీసానే కావాలి. మూత లోపలి వైపు వేలు తగలొద్దు. నింపినంక మంచుగడ్డల పెట్టెలో పెట్టి ఆ రోజే చేర్చాలి, మర్నాటికి ఉంచితే అంకెలు మారిపోతాయి. సీసా మీద ఊరు, వాడ, నల్లానా బోరా, పట్టిన టైము రాయండి. పోయిన నెలలో ఒకాయన ఆరు సీసాలు తెచ్చాడు, దేని మీదా పేరు లేదు. ఒకదాంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ వచ్చింది. ఏ బోరుదో తెలియక ఆరూ మళ్ళీ పట్టుకు రావాల్సి వచ్చింది.

మా వాడవాళ్ళైతే పొద్దున నీళ్ళు వచ్చే టైములోనే పిలవండి, నేనే వచ్చి పడతాను.